పాశ్చాత్య వైద్యులకు చైనా సంప్రదాయ వైద్య బోధన: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఫాల్సిపారం రకం మలేరియా నిర్ధారణ అయితే, రోగికి ఇచ్చే మందుల్లో ఆర్టిమిసినిన్ నుంచి తయారైన మందు ఉంటుంది. ఆ చికిత్స వెనుక రెండు నగరాల చరిత్ర ఉంది. మొదటిది మనకు దగ్గరలోని సికింద్రాబాద్. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. రెండోది బీజింగ్. పాశ్చాత్య వైద్యం చదివినవారికి దేశీయ వైద్యం నేర్పాలని 1950లలో చైనా ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయానికి కారణాలు, దాని ఫలితాలు, మన ప్రాంత అనుభవంతో పోలిక అనే అంశాలను ఈ పాఠంలో తెలుసుకుంటారు.

నిషేధ ప్రయత్నం నుంచి బోధన వరకు

ఈ నిర్ణయానికి ముందు పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నంగా ఉండేది. 1929లో నాటి చైనా ప్రభుత్వ ఆరోగ్య సమావేశం పాత వైద్యాన్ని క్రమంగా రద్దు చేయాలని తీర్మానించింది. ఆ ప్రతిపాదన చేసిన యూ యున్‌షియూ జపాన్‌లో ఆధునిక వైద్యం చదివినవారు. దేశీయ వైద్యులు షాంఘైలో సమావేశమై ఉద్యమించడంతో తీర్మానం అమలు కాలేదు.

1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. 1953 జనాభా లెక్కల ప్రకారం ప్రజలు 58 కోట్లకు పైగా ఉన్నారు. పాశ్చాత్య వైద్యం చదివినవారు చాలా తక్కువ, వారిలోనూ ఎక్కువమంది నగరాల్లోనే ఉండేవారు. గ్రామాలకు దేశీయ వైద్యులే దిక్కు. అందుకే మొదట దేశీయ వైద్యులకు ఆధునిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. 1954 నుంచి విధానం మారింది. పాశ్చాత్య వైద్యులే దేశీయ వైద్యం నేర్చుకోవాలన్నారు. 1955 డిసెంబరులో బీజింగ్‌లో చైనా సంప్రదాయ వైద్య అకాడమీ ఏర్పడింది. అక్కడ వైద్య పట్టభద్రులకు రెండున్నరేళ్ల తరగతులు మొదలయ్యాయి.

బోధన తెచ్చిన మార్పు

ఇక్కడ ఒక విషయాన్ని మీరు జాగ్రత్తగా గమనించాలి. అంతవరకు ఆ వైద్యం ఒకే రూపంలో లేదు. కుటుంబానికో పద్ధతి, గురువుకో పద్ధతి ఉండేది. శిష్యులు గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉండి నేర్చుకునేవారు. కళాశాలలో చదివి వచ్చినవారికి ఇలా నేర్పడం కుదరదు. వారికి పాఠ్యప్రణాళిక, పాఠ్యపుస్తకం, పరీక్ష కావాలి. అందువల్ల యిన్-యాంగ్ సిద్ధాంతం, నాడీ పరీక్ష, సూది వైద్యం, మూలికల వినియోగం వంటి వాటిని ఒక క్రమంలో అమర్చారు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూలలో ప్రత్యేక కళాశాలలు వెలిశాయి. ఈ రోజు మనం 'చైనా సంప్రదాయ వైద్యం' అని పిలుస్తున్న శాస్త్రంలోని భావనలు ప్రాచీనమైనవే. అయితే వాటి పాఠ్యరూపం మాత్రం చాలావరకు ఈ కాలంలోనే తయారైంది.

పసరు నేర్పిన పాఠం

1955లో బీజింగ్ వైద్య కళాశాలలో ఔషధ శాస్త్రం పూర్తిచేసిన తూ యూయూ 1959 నుంచి 1962 వరకు ఇలాంటి తరగతుల్లో చదివారు. వియత్నాం యుద్ధకాలంలో పాత మందులకు మలేరియా లొంగకపోవడంతో, 1967 మే 23న చైనా ఒక రహస్య పరిశోధన పథకం ప్రారంభించింది. 1969లో తూ ఒక బృందానికి నాయకురాలయ్యారు.

బృందం ఎన్నో మూలికలను పరీక్షించింది. 'చింగ్‌హావ్' మొక్క సారం ఒకసారి పనిచేసి, మరోసారి పనిచేయలేదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ తన గ్రంథంలో, ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. అంటే మన ఊళ్ల భాషలో చెప్పాలంటే అది కషాయం కాదు, పసరు. కాచితే గుణం పోతుందేమోనని తూ అనుమానించారు. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో ఆ సారం ఎలుకల్లో పరాన్నజీవులను పూర్తిగా నిర్మూలించింది. మరుసటి ఏడాది ఆర్టిమిసినిన్‌ను వేరుచేశారు. ఈ కృషికి ఆమె 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

పాత గ్రంథం ఆధారం చూపింది. ప్రయోగం దాన్ని మందుగా నిలబెట్టింది. పరీక్ష లేనిచోట ఏమవుతుందో బెల్జియంలో తెలిసింది. బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయని 1993లో వైద్యులు వెల్లడించారు. ఒక మూలికకు బదులు విషగుణమున్న మరో మూలిక కలవడమే దానికి కారణం.

మన ప్రాంతంతో పోలిక

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నాడు హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి. 1846లో హైదరాబాద్‌లో ప్రారంభమైన వైద్య పాఠశాల పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించింది. యునానీ వైద్యానికి విడిగా సంస్థలు ఏర్పడ్డాయి. రెండు వైద్యాలనూ ప్రభుత్వం పోషించినా, అవి వేర్వేరు దారుల్లోనే సాగాయి. మద్రాసులో పాశ్చాత్య వైద్యపట్టా పొందిన ఆచంట లక్ష్మీపతి, పండిత దీవి గోపాలాచార్యుల వద్ద ఆయుర్వేదం అభ్యసించారు. అయితే అది ఆయన స్వయంగా ఎంచుకున్న మార్గం. చైనాలో ప్రభుత్వ విధానంగా జరిగింది ఇక్కడ వ్యక్తుల చొరవగానే మిగిలింది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆయుష్ వైద్యులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోకి తెచ్చింది. కానీ ఒకే కప్పు కింద కూర్చోవడం వేరు, ఒకరి శాస్త్రాన్ని మరొకరు చదవడం వేరు.

మన పల్లెల్లో పచ్చకామెర్లకు నేటికీ పసరు పోయించుకునేవారున్నారు. దాన్ని మూఢత్వమని కొట్టిపారేసినా, పాతది కనుక మంచిదేనని నమ్మినా, మనం తెలుసుకునేది ఏమీ ఉండదు. ఏ మొక్క, ఎంత మోతాదు, ఎంతమందికి నయమైంది, ఎవరికి హాని జరిగింది అని అడిగినప్పుడే విషయం తేలుతుంది. అంతవరకు రోగికి రక్తపరీక్ష, వైద్యుని సలహా తప్పనిసరి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1954 తర్వాత చైనా వైద్య విధానం ఎందుకు మారింది?
2. బోధన అవసరం ఒక సంప్రదాయాన్ని ఎలా మారుస్తుంది? మీకు తెలిసిన మరో విద్యను ఉదాహరణగా తీసుకొని చర్చించండి.