బీటా: రెండో అక్షరం, రెండో పరీక్ష

గ్రీకు అక్షరమాలలో రెండో అక్షరం బీటా. గ్రీకులు దీన్ని ఫినీషియన్ల లిపి నుంచి తెచ్చుకున్నారు. అక్కడ దాని పేరు 'బేత్', అంటే ఇల్లు. ఆల్ఫా, బీటా పేర్లు రెండూ కలిసే 'ఆల్ఫాబెట్' అయింది. నేటి గ్రీకులు మాత్రం 'వీటా' అని పలుకుతారు. తెలుగులో దీనికి దగ్గరగా వినిపించే మాట 'బీట'. ఎండిన చెరువు, నాసిరకం గోడ బీటలు వారతాయి. రెండు మాటలకూ చుట్టరికం లేదు గానీ, సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి అర్థాలు చిత్రంగా కలుస్తాయి.

చాలాకాలం శాస్త్రజ్ఞులకు బీటా అంటే 'రెండోది' అనే గుర్తు మాత్రమే. 1603లో యోహాన్ బేయర్ తన నక్షత్ర పటాల్లో ఒక్కో రాశిలోని చుక్కలకు ఆల్ఫా, బీటా అంటూ వరుసగా గ్రీకు అక్షరాలిచ్చాడు. 1899లో రూథర్‌ఫర్డ్ యురేనియం కిరణాల్లో తేలిగ్గా ఆగిపోయేవాటిని ఆల్ఫా అని, ఇంకా లోతుకు చొచ్చుకుపోయేవాటిని బీటా అని విడదీశాడు. 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అడ్రినలిన్‌కు స్పందించే గ్రాహకాలను ఆల్ఫా, బీటా అని రెండు రకాలు చేశాడు. రక్తపోటు రోగుల చీటీల్లో కనిపించే 'బీటా బ్లాకర్' ఆ పేరుకు వారసురాలే. షేర్ మార్కెట్లో బీటా ఒక కొలత: అది 1 ఉంటే షేరు మార్కెట్‌తో సమానంగా ఊగుతుందని లెక్క. కొండలెక్కేవారి బీటా వీటికి పూర్తిగా వేరు. ఏ రాయి పట్టుకోవాలి, కాలు ఎక్కడ మోపాలి అన్న ముందస్తు సమాచారానికి వాళ్లు పెట్టుకున్న పేరది. సోనీ 1975లో తెచ్చిన బీటామాక్స్ వీడియో టేపుల నుంచి ఆ వాడుక పుట్టిందని చెబుతారు.

సాఫ్ట్‌వేర్ బీటా పుట్టిల్లు అమెరికాలోని ఐబీఎం. చిల్లుల కార్డులను లెక్కపెట్టే, వేరుచేసే యంత్రాల కాలం నుంచే అక్కడ కొత్త సరుకుకు అంచెలంచెలుగా పరీక్షలు పెట్టేవారు. 'ఏ' పరీక్షలో అసలు ఇది తయారుచేయదగ్గదేనా అని చూసేవారు. 'బీ' పరీక్షలో, చెప్పిన పని చెప్పినట్టు చేస్తోందా అన్నది తేల్చేవారు. ఆ తర్వాత 'సీ' ఉండేది. యంత్రాల కోసం పెట్టిన ఈ వరుసే ప్రోగ్రాములకూ వచ్చింది. 1960లలో ఐబీఎం ఈ పేర్లను వదిలేసింది గానీ, అప్పటికే అవి బయట వాడుకలో పడ్డాయి. పడుతూనే అర్థమూ మారింది. ఐబీఎంలో బీ పరీక్ష సంస్థ గోడల మధ్య జరిగే పని. కొనుగోలుదారుల దగ్గర చేసే పరీక్షను అక్కడ 'ఫీల్డ్ టెస్ట్' అనేవారు. బయటి ప్రపంచం ఆ ఫీల్డ్ టెస్టుకే బీటా పేరు తగిలించింది.

ఆ మార్పుకు కారణం పర్సనల్ కంప్యూటర్లే. ఇంటింటికీ ఒక్కో రకం ప్రింటరు, ఒక్కో రకం డిస్కు. ఇన్ని కలయికలను ఏ ప్రయోగశాలా ముందే పరీక్షించలేదు. అందుకే ఎంపిక చేసిన కొందరికి, రహస్యం పాటిస్తామన్న ఒప్పందంతో, ముందుగా ప్రతులిచ్చి బీటలెక్కడున్నాయో చెప్పమనేవారు. ఇది క్లోజ్డ్ బీటా. అడిగినవారందరికీ ఇస్తే ఓపెన్ బీటా. ఇంటర్నెట్ వచ్చాక పంపిణీ ఖర్చు దాదాపు పోయింది. 1994 అక్టోబరులో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ బీటాను నెట్‌లోనే ఉచితంగా పెట్టేసింది. ఆపిల్ ఇంకో అడుగు వేసి, 2000 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను 29.95 డాలర్లకు అమ్మింది. లోపాలు వెతికిపెట్టేవాడి చేతే డబ్బు కట్టించడమన్నమాట. పైగా ఆ ప్రతి 2001 మే నెలలో గడువు తీరి ఆగిపోయింది.

బీటా అంటే దశ అన్న అర్థాన్ని బాగా పలచన చేసింది మాత్రం జీమెయిల్. 2004 ఏప్రిల్ 1న బీటాగా మొదలై, కోట్లమందికి నిత్యావసరమయ్యాక కూడా ఆ ముద్ర తియ్యలేదు. 2005లో సాంకేతిక పుస్తకాల ప్రచురణకర్త టిమ్ ఓరైలీ ఈ ధోరణిని 'శాశ్వత బీటా' అన్నాడు: వెబ్ సేవకు తుది రూపమంటూ ఉండదు, వాడుతుండగానే మారుతూ ఉంటుందని. మాట నిజమే. కానీ ఏదైనా తప్పితే 'ఇంకా పరీక్షలోనే ఉంది' అని తప్పుకోవడానికీ ఆ ముద్ర పనికొచ్చేది. చివరికి దాన్ని తీయించింది వ్యాపారమే. బీటా అని రాసి ఉన్న ఈమెయిల్‌కు డబ్బు కట్టడానికి పెద్ద కంపెనీలు వెనకాడాయి. 2009 జులై 7న గూగుల్ జీమెయిల్ నుంచి బీటా ముద్రను తొలగించింది. పాత గుర్తు లేకపోతే తోచనివారి కోసం, లోగో కింద 'బీటా' అక్షరాలు మళ్లీ కనిపించే సదుపాయాన్నీ అదే రోజు సెట్టింగుల్లో ఉంచింది.