తెర వెనుక విద్యార్థి

అణుచరిత్ర రాసేవారు ఫెర్మీ పేరు దగ్గరే ఆగిపోతారు. 1939 జనవరి 25 రాత్రి కొలంబియా విశ్వవిద్యాలయంలో యురేనియం చీలికను పట్టిన పరికరం హెర్బర్ట్ ఆండర్సన్‌ది. అప్పటికింకా డాక్టరేటు విద్యార్థి. ఆ రాత్రి ఫెర్మీ ఊళ్లోనే లేడు!

అతణ్ని అమాయకుడనబోను, బాంబు తయారీలో అతడికీ పాలుంది. 1945 జూలై 16న తొలి బాంబు పేలాక, సీసం తొడిగిన ట్యాంకును పంపి గుంతలోని మట్టి తెప్పించాడు. ఆ మట్టిలోని విచ్ఛిత్తి శకలాలను లెక్కగట్టి విస్ఫోట శక్తిని తేల్చారు. ఆయుధాన్ని కొలిచిన ఆ విద్యే దానికి కాపలా కూడా అయింది. ఇంకా అమల్లోకి రాని 1996 నాటి సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం కోసం నెలకొల్పిన కేంద్రాలు గాలిలో వెదికేదీ అలాంటి శకలాల జాడనే.

న్యూట్రాన్ల కోసం వాడిన బెరీలియం ధూళి మాత్రం ఆండర్సన్ ఊపిరితిత్తుల్లో చేరింది. దశాబ్దాలపాటు పీడించి 1988లో ప్రాణం తీసింది.