నగరారోగ్య పరిశోధనము

నగర నిర్మాణము, సంస్థల నిర్వహణము, వైద్యము అను మూడు విద్యలు విశ్వవిద్యాలయములందు మూడు వేఱు భవనములలో బోధింపబడుచున్నవి. కాని పట్టణవాసి యొక్క రోగమునకు గాని స్వస్థతకు గాని కారణమును వెదకబూనిన పండితుడు ఆ మూడు భవనముల మెట్లును ఎక్కి దిగక తప్పదు. ఈ మూటి సంధియందు పుట్టి, పందొమ్మిదవ శతాబ్ది నడిమినుండి క్రమముగా పెరిగిన పరిశోధనశాఖను నగరారోగ్య పరిశోధనమని వ్యవహరింపవచ్చును. దీనికి సొంతముగా ప్రయోగశాల యనదగినది లేదు. నీటి కంపెనీల ఖాతాలు, రవాణా సంస్థల సెలవు రిజిస్టర్లు, కచేరీల హోదాపట్టికలు, ఆసుపత్రుల రోగిపత్రములు మున్నగునవి, గుమాస్తాలు వేఱొక ప్రయోజనమునకై వ్రాసి అటకెక్కించిన చిట్టా ఆవర్జాలనుండియే దీని ముఖ్యఫలితములు పెక్కు వెలువడినవి.

1854లో లండను నగరమున కలరా ప్రబలినపుడు జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ స్ట్రీటు పంపు పిడిని తీయించిన వృత్తాంతము లోకప్రసిద్ధము. అయితే సెప్టెంబరు 8వ తేదీన పిడి తీయునాటికే ఆ పేటలో వ్యాధి తగ్గుముఖము పట్టియుండెనని అతడే అంగీకరించినాడు. ఆ సంవత్సరమే థేమ్సు నదికి దక్షిణమున అతడు సాగించిన పని, అంతగా ప్రచారము పొందకపోయినను, శాస్త్రదృష్టిచే అంతకంటె గొప్పది. అచ్చట సదర్క్ అండ్ వాక్సాల్, లాంబెత్ అను రెండు నీటి కంపెనీలు పోటీపడి ఒకే వీథులలో గొట్టములు వేసియుండుటచే, ఇరుగుపొరుగు ఇండ్లవారే వేర్వేరు కంపెనీల నీరు త్రాగుచుండిరి. లాంబెత్ కంపెనీ 1852లో తన నీటిమూలమును లండను మురుగు సోకని ఎగువతావైన థేమ్స్ డిట్టనుకు మార్చుకొనగా, రెండవ కంపెనీ బాటర్సీ యొద్దనే, నగర కల్మషము కలిసిన నదినుండి, నీరు తోడుచుండెను. మరణము సంభవించిన ఇంటింటికి పోయి ఏ కంపెనీ నీరని స్నో ప్రశ్నింపగా, అద్దెకున్నవారిలో ననేకులు చెప్పజాలకపోయిరి. నీటి పన్ను చెల్లించు యజమాని ఎక్కడనో నివసించెడివాడు. అట్టి తావుల నాతడు ఆ ఇంటి నీటిని చిన్న సీసాలో పట్టి తెచ్చి వెండి నైట్రేటు కలిపి చూచెను. ఆటుపోటులు తాకు చోటి నీటియందు ఉప్పు మిక్కుటమగుటచే, సదర్క్ కంపెనీ నీటిలో తెల్లని మడ్డి చిక్కగా పేరుకొనెడిది. లాంబెత్ నీరు కొంచెము మసకబారి యూరకుండెడిది.

మృతుల సంఖ్య యిట్లు తేలినను, ఏ కంపెనీ ఎన్ని ఇండ్లకు నీరిచ్చుచున్నదో తెలియనిదే ఆ సంఖ్యకు అర్థములేదు. ఆ లెక్క కంపెనీలు పార్లమెంటునకు సమర్పించిన పత్రములందు దొరకినది. వ్యాధి తొలి యేడు వారములలో సదర్క్ కంపెనీకి చెందిన 40,046 ఇండ్లలో 1,263 మరణములును, లాంబెత్ కంపెనీకి చెందిన 26,107 ఇండ్లలో 98 మరణములును జరిగెను. అనగా పదివేల ఇండ్లకు ఒకచోట 315, మఱియొకచోట 37. కలరా క్రిమిని శాస్త్రలోకము అంగీకరింపకముందే, వ్యాధి నీటిద్వారా వ్యాపించునని ఇంత స్పష్టముగా నిరూపించుటకు, ఇద్దరు వ్యాపారుల పోటీయే ఆధారమైనది.

అయినను శాస్త్రము స్థిరపడిన పిదపనే పట్టణములు బాగుపడినవని తలపరాదు. 1858 వేసవిలో థేమ్సు దుర్గంధమునకు పార్లమెంటు సభ్యులే తాళలేకపోయినపుడు, జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు ఆధిపత్యమున లండనులో మహత్తరమైన భూగర్భ మురుగు కాలువలు ఆరంభమాయెను; కట్టించినవారిలో పెక్కురు చెడుగాలియే రోగహేతువని నమ్మినవారు. తప్పుడు సిద్ధాంతము అచ్చట మంచి కాలువలను కట్టించినది. బొంబాయియం దట్టి యదృష్టము సిద్ధింపలేదు. 1896 సెప్టెంబరులో ఓడరేవు చెంతనున్న మాండ్వీ పేటయందు, ధాన్యపు గిడ్డంగుల నడుమ, ప్లేగు వ్యాధిని అకాసియో వీగస్ అను వైద్యుడు మొదట గుర్తించెను. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడి, ఇరుకు పేటలలోనికి సముద్రపుగాలి వీచునట్లు విశాలమైన వీథులను కోయదలచి, వేలకొలది గదులను పడగొట్టెను. ఆ సంవత్సరమే పాల్ లూయీ సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు కరాచీలో, ఎలుకనుండి ఎలుకకు ప్లేగును మోయునది గోమారియే యని ప్రయోగముచే చూపెను. కాని దానిని పండితలోకము స్వీకరించుటకు మఱి కొన్ని సంవత్సరములు పట్టినది. గాలికొఱకు గోడలు కూలుచుండగా, ధాన్యపు బస్తాల చాటున ఎలుకలు నిశ్చింతగా నుండెను. వైద్యుడు, వర్తకుడు, ఇంజనీరు ఒకరి మాట ఒకరు వినకున్నచో గృహహీనుడగువాడు నాలుగవవాడైన పేటవాసి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ పరిశోధనము అంటువ్యాధులనుండి గుండెజబ్బులవైపు మరలినది. జెరెమీ మోరిస్ అను వైద్యుడును, లండను రవాణా సంస్థ వైద్యాధికారి యగు రాఫెల్ మున్నగు సహచరులును 1953లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన అధ్యయనము ఇందులకు మకుటాయమానము. 35 మొదలు 64 ఏండ్ల వయస్సుగల సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల అస్వస్థతా పత్రములను వారు పరిశీలించిరి. లండను బస్సు రెండంతస్తుల బస్సు. డ్రైవరు తన పనివేళలో నూటికి తొంబది పాళ్ళు కూర్చుండియే యుండెడివాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టుచు పై అంతస్తునకును క్రింది అంతస్తునకును దినమునకు 500 నుండి 750 మెట్ల వఱకు ఎక్కెడివాడు. ఇద్దఱిదియు ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే తరగతి జీవనము. కండక్టర్లయందు గుండెజబ్బు వేయింటికి 1.9 చొప్పునను, డ్రైవర్లయందు 2.7 చొప్పునను కనబడెను. అదియును కండక్టర్లకు వచ్చినచో కొంత ఆలస్యముగను, ప్రాణాంతకత తక్కువగను వచ్చినది.

ఈ ఫలితమును తమంతట తామే శంకించుటలో మోరిస్ బృందము యొక్క విజ్ఞత వెల్లడియగును. స్థూలకాయులు మొదటినుండియు డ్రైవరు కుర్చీనే కోరుకొనుచున్నారేమో! ఈ సందేహమును తీర్చుకొనుటకు వారు వెదకి పట్టినది యూనిఫారముల లెక్క. సంస్థ తన ఉద్యోగులకు దుస్తులు కుట్టించి యిచ్చెడిది గావున, ప్రతివాని నడుము కొలతయు దర్జీ పుస్తకమునందు భద్రముగా నుండెను. 1956లో ప్రకటితమైన వారి మఱియొక వ్యాసములో, యౌవనముననున్న డ్రైవర్ల నడుము సయితము అదే యీడు కండక్టర్ల నడుముకంటె పెద్దదని తేలినది. అనగా సందేహము కొంత నిజమే. అయినను సన్నని వారిని సన్నని వారితోడను, లావైన వారిని లావైన వారితోడను పోల్చి చూచినను, ఆకస్మిక మరణము డ్రైవర్లయందే అధికముగా నుండెను. వ్యాయామము గుండెకు మేలని నేడు ప్రతి వైద్యుడును చెప్పు మాటకు తొలి ప్రబలాధారములలో నొకటి, ఏ పథ్యశాస్త్రజ్ఞుడో కాక, పాంట్ల కొలతలు వ్రాసుకొన్న దర్జీ సమకూర్చినది. ఈ విషయమును పాఠ్యపుస్తకములు చాలవఱకు దాటవేయుట విచారకరము.

కూర్చుండుటయే దోషమైనచో, కచేరీలలో అందఱును కూర్చుండువారే గదా! 1967లో ఆరంభమైన వైట్‌హాల్ అధ్యయనము బ్రిటిషు ప్రభుత్వోద్యోగులైన సుమారు 18,000 మంది పురుషులను హోదాననుసరించి పరిశీలించినది. కార్యభారము మోయు ఉన్నతాధికారులే గుండెపోటునకు బలియగుదురని లోకుల నమ్మకము. ఫలితము దానికి విరుద్ధముగా వచ్చినది. దూతలు, ద్వారపాలకులు మున్నగు అట్టడుగు శ్రేణివారియందు హృద్రోగమరణములు పైశ్రేణికంటె మూడు రెట్లకు పైబడియుండెను. ధూమపానము, రక్తపోటు, కొలెస్టరాలు మొదలగు ప్రసిద్ధ కారణములు ఈ భేదములో కొంత భాగమునకే సమాధానము చెప్పగలిగినవి. 1985లో స్త్రీలను గూడ చేర్చుకొని 10,308 మందితో మొదలైన రెండవ అధ్యయనము, తన పనిపై తనకు స్వాతంత్ర్యము తక్కువగుట ఆ శేషములో నొక ముఖ్యాంశమని సూచించినది. మైకేల్ మార్మాట్ పేరు ఈ రెండింటితోడను ముడిపడియున్నది. వ్యాపార నిర్వహణ గ్రంథములు అధికార విభజనమును ఉత్పత్తి దృష్టితో చర్చించుటకు అలవాటుపడినవి. అదే విభజనము రక్తనాళములందును గుర్తు వేయునని తెలిసిన పిమ్మట ఆ చర్చ స్వరూపమే మారినది.

వైద్యశాలలను నిర్వహణశాస్త్ర దృష్టితో చూచినవారిలో నార్మన్ బెయిలీ తొలి గణ్యుడు. ఔట్‌పేషెంటు విభాగమున రోగులేల గంటలకొలది కాచుకొనవలెనని అతడు 1952లో లెక్కవేసెను. వైద్యుని కాలము ఒక్క నిమిషమైనను వ్యర్థము కారాదను తలంపుతో ఆసుపత్రులవారు ప్రొద్దుననే అందఱిని రప్పించి బల్లలపై కూర్చుండబెట్టుచుండిరి. యాదృచ్ఛిక సంఖ్యల సాయముతో కల్పిత క్లినిక్కులను కాగితముమీద నడిపించి చూచి, ఆరంభమున ఇద్దఱు రోగులుండి, తక్కినవారు సగటు పరీక్షాకాలమునకు సమానమైన వ్యవధిలో ఒక్కొక్కరుగా వచ్చినచో, వైద్యుడు ఖాళీగా నుండుటయు రోగులు విసుగుటయు రెండును మితముగ నుండునని అతడు తేల్చెను. డెబ్బది సంవత్సరములు గడచినను మన ఆసుపత్రుల వరండాలు బెయిలీ వ్యాసమును చదివిన జాడ కానరాదు.

మదురైలో డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి ప్రభుత్వోద్యోగమునుండి విరమించిన పిదప, 1976లో 11 పడకలతో స్థాపించిన అరవింద నేత్రచికిత్సాలయము నిర్వహణశాస్త్రమునకు తిరుగు పాఠము చెప్పినది. శస్త్రచికిత్సకుని యొద్ద రెండు బల్లలుండును. ఒకదానిపై శుక్లము తీయుచుండగా రెండవదానిపై తరువాతి రోగి సర్వసిద్ధుడై పరుండియుండును. మొదటి కన్ను ముగియగనే వైద్యుడు ఆవలి బల్లవైపు తిరుగును. చెల్లింపగలవారి రుసుముతో పేదలకు చికిత్స జరుగును. 1992లో ఆ సంస్థవారే కృత్రిమ కటకములను తయారుచేయు ఆరోల్యాబును నెలకొల్పిరి. మరుసటి యేడే హార్వర్డు వ్యాపార విద్యాలయము ఈ చికిత్సాలయమును పాఠ్యాంశముగా గ్రహించినది.

అంబులెన్సులను ఎచ్చట నిలుపవలెనను ప్రశ్నయు ఈ సంధియందలిదే. ఉన్న కొలది బండ్లతో, నియత కాలములో చేరగల జనసంఖ్య గరిష్ఠమగునట్లు తావులను నిర్ణయించు గణితపద్ధతిని చర్చ్, రెవెల్ అను పండితులు 1974లో రూపొందించిరి. 2005 ఆగస్టు 15న హైదరాబాదునుండి ఆరంభమైన 108 సేవకు వచ్చు ప్రతి పిలుపునందును స్థలము, వేళ, ఆపద మూడును నమోదగును. ప్రాణరక్షణకై వ్రాయబడు ఆ నమోదు, ఏ కూడలి ప్రమాదకరమో, ఏ పేటలో ప్రసవములకు వాహనము దొరకదో తెలుపగల నగరపటముగా గూడ ఉపయుక్తము.

భవనము సయితము ఔషధము కాగలదను వాదమునకు ఆధారము 1984లో సైన్స్ పత్రికలో రోజర్ ఉల్రిచ్ ప్రకటించిన చిన్న వ్యాసము. పెన్సిల్వేనియాలోని ఒకానొక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వఱకు పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన రోగుల పత్రములను తిరుగవేసి, పెక్కువిధముల సరిపోలు 23 జతలను అతడు ఎంచెను. జతలో నొకరి కిటికీనుండి చెట్లును, మఱియొకరి కిటికీనుండి ఇటుకగోడయు కనబడును. చెట్లయందు ఆకులుండు నెలలలోని రోగులనే గ్రహించుట అతని జాగరూకతకు నిదర్శనము. చెట్లు చూచినవారు సగటున 7.96 దినములలోను, గోడ చూచినవారు 8.70 దినములలోను ఇల్లు చేరిరి. ఘాటైన నొప్పిమందులు మొదటివారికి తక్కువగా కావలసివచ్చినవి. నలువదియాఱుగురిపై చేసిన ఈ పరిశీలనముపై వాస్తుశిల్పులు కట్టిన ఆశాసౌధములు దాని పునాదికి మించినవని చెప్పవలసియున్నది.

చిట్టాలపై నాధారపడు విద్యకు చిట్టాలోని లోపములు తప్పవు. మోరిస్ పరిశీలించినవారును, మొదటి వైట్‌హాల్‌లోనివారును పురుషులే. ఉద్యోగములేనివాడు ఏ హాజరుపట్టీయందును లేడు. కాలిబాటపై నిద్రించువాడు ఏ నీటి కంపెనీకిని ఖాతాదారు కాడు. ఆసుపత్రి రిజిస్టరు ఆసుపత్రికి రాగలిగినవారినే యెఱుగును. 1987లో హైదరాబాదున నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ చిక్కును గుర్తించి, 1996 నుండి 2000 వఱకు రిజిస్టర్లను ప్రక్కనబెట్టి ఇంటింటికి పోయిరి. హైదరాబాదు నగరములోని కొన్ని పేటలు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలలోని కొన్ని పల్లెలు ఎంచుకొని, 10,293 మంది కన్నులను పరీక్షించిరి. అంధత్వము నూటికి 1.84గా తేలినది, అందులో సుమారు అరువది పాళ్ళు శుక్లమువలనను, కంటి అద్దములతో తీరు దృష్టిదోషమువలనను కలిగినదే. చూపు లేకున్నవారిలో అధికులకు కావలసినది అపూర్వ శస్త్రవిద్య కాదని తెలిసిన పిమ్మట, ఏబదివేల జనాభాకొక దృష్టికేంద్రము చొప్పున, ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులతో నడుచు అంచెల విధానమును ఆ సంస్థ విస్తరించినది; అక్షరముల పలకయు కళ్ళజోళ్ళ బీరువాయు పెట్టుకొని, ఆ కేంద్రములు నేటికిని నడుచుచున్నవి.