రంగు కింద తుప్పు

నల్లమల దారిలో అంబాసిడర్ కారు ఒక వెలుగు వెలిగింది. గిద్దలూరు నుంచి నంద్యాల పోవాలంటే దిగువమెట్ట, పచ్చర్ల, గాజులపల్లె మీదుగా అడవిలో మలుపులే మలుపులు. అర్ధరాత్రి కాన్పు కష్టమైనా, పాము కరిచినా మా వీధివాళ్లు మా పెదనాన్న తలుపే తట్టేవాళ్లు. వెనక సీట్లో మనిషిని పడుకోబెట్టి, ముందు ముగ్గురు ఇరుక్కుని కనుమ ఎక్కేవాళ్లు.

పెదనాన్న కారు మార్క్ 2. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చున బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన బండి. వెనక కమాన్ కట్టలు, ముందు టార్షన్ బార్లు. పొడుగాటి ఉక్కు కడ్డీ ఒక కొస చక్రం వైపు, రెండో కొస కారు అడుగున అడ్డంగా ఉన్న మెంబర్‌లో బిగిసి ఉంటుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా కడ్డీ మెలితిరిగి కుదుపును ఆపుకుంటుంది. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ లేదు. నేలరేకూ మెంబర్లూ బాడీ అంతా ఒకే కట్టడం. నేల పుచ్చిందంటే బండి పుచ్చినట్టే.

పెదనాన్న పోయాక కారు వేపచెట్టు కింద ఏళ్లతరబడి నిలిచిపోయింది. అన్న దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పట్టుబట్టాడు. టింకరింగ్ అయింది, లప్పం పెట్టారు, తెల్లరంగు కొట్టారు, సీట్లు కుట్టించారు. ఇంజన్ కూడా పలికింది. ముందు ఎడమపక్క కాస్త కుంగి ఉంటే, బార్ బిగిస్తే లేస్తుందనుకున్నారు. బిగించారు. అడుగున పటుక్కుమంది.

మేస్త్రీ జాకీ ఎత్తి, కింద పూసిన తారు గీకాడు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడిదాకా దిగింది. అద్దం రబ్బరు సందుల్లోంచి కారిన వాననీరు మ్యాట్ కింద చేరి, బార్ కొసను పట్టి ఉంచే మెంబర్‌ను లోపల్నుంచే తినేసింది. దాని మీద ఎప్పుడో ఎవరో రేకు అతికి తారు పూసేశారు. వెనక కట్ట విప్పితే పెద్ద పట్టీ యు-బోల్టుల కింద విరిగి ఉంది. విరిగినచోట సగం నల్లగా, సగం తళతళ. తళతళలాడేది నిన్నమొన్నటిది, నల్లటిది పాత పగులు. మనుషుల్ని మోసిన రోజుల్లోనే ఆ పట్టీ చీలడం మొదలైందేమో! అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె కలుక్కుమంటుంది.

"కట్టలైతే కొత్తవి ఏస్తా నాయనా, ఈ బారును దేనికి పట్టియ్యాలా?" అన్నాడు మేస్త్రీ. అన్న దగ్గర జవాబు లేదు. ఉన్న డబ్బంతా రంగుకే అయిపోయింది.

ఆ కారును కన్న కంపెనీ 2014 మే 24న ఉత్తర్‌పాడాలో పని ఆపేసింది. 2017లో అంబాసిడర్ అన్న పేరు కూడా 80 కోట్లకు ప్యూజో చేతికి పోయింది. కొత్త బండి ఇక రాదు. ఉన్నవాటినే కాపాడుకోవాలి. మీ ఇంట అలాంటిదొకటి ఉంటే రంగు డబ్బా కొనకముందే జాకీ ఎత్తించండి. మ్యాట్‌లు తీసి, తారు గీకించి, బార్ కొస దగ్గర సుత్తితో తట్టించండి. చేతిలో డబ్బున్నప్పుడే పుచ్చు బయటపడితే, ఆ ముక్క కోసి కొత్త మెంబర్ వెల్డింగ్ చేయించుకోవచ్చు.