చిక్కడపల్లిలో కబురు నడిచిన దారి

మన సంఘ సభ్యుల్లో చిక్కడపల్లి, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి ప్రాంతాల్లో కాపురం ఉన్నవారు తక్కువేమీ కాదు. ప్రత్యేక సంచికకు ఆఫీసు జ్ఞాపకాలు రాసేవారు ఎలాగూ ఉంటారు కనుక నేను పేట సంగతి రాయదలచుకున్నాను. ఈ చరిత్రలో రాజులూ లేరు, కోటలూ లేవు. ఒక ఇంట్లో జరిగింది పక్కింటికి ఎలా తెలిసేది, ఆ తెలియడం ఎలా మారుతూ వచ్చింది అన్నదే నా విషయం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కర్నూలు రాజధాని హైదరాబాదుకు తరలివచ్చింది. కర్నూలులో గుడారాల్లో ఫైళ్లు రాసిన గుమాస్తాల్లో మా నాన్నగారు ఒకరు. నాకప్పుడు ఐదేళ్లు. చిక్కడపల్లిలో రెండు గదుల పోర్షను దొరికింది. ఇంటి యజమాని హైదరాబాదీ ముస్లిం పెద్దమనిషి. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాన్నగారికి ఉర్దూ రెండూ రావు. మా తెలుగు పేపరు మద్రాసులో అచ్చయి రైలులో వచ్చేది. ఆయన ‘సియాసత్’ ఊళ్లోనే అచ్చయ్యేది. అందుచేత నగరం కబుర్లు పొద్దున్నే ఆయన చెప్పేవారు, ఢిల్లీ, మద్రాసు కబుర్లు సాయంత్రం నాన్నగారు చెప్పేవారు. ఇద్దరి మధ్యా ఒక అరుగు, రెండు పేపర్లు.

ఆడవాళ్ల వార్తలు నల్లా దగ్గర. నీళ్లు వచ్చేది ఏ వేళో, బిందెలు వరుసలో ఎవరివి ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. ఒక బిందె రాలేదంటే ఆ ఇంట్లో జ్వరమో, పురుడో, పోట్లాటో అయి ఉండాలి. పది నిమిషాల్లో ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టేవారు. మగవాళ్లకు మూలమీది ఇరానీ హోటలు. ఒక్క పేపరు కొని షీట్లు విడదీసి నాలుగు బల్లల మీద వేసేవాడు. పౌనా చాయ్ తాగుతూ మీరు మూడో పేజీ చదువుతుంటే ఎదుటాయన మొదటి పేజీ కోసం కాచుకునేవాడు. అచ్చువార్త అయిపోయాక అసలు వార్తలు మొదలయ్యేవి: ఎవరికి బదిలీ, ఎవరి అబ్బాయి ఇంటరు తప్పాడు, రేషను షాపులో పంచదార ఎప్పుడిస్తారు.

ఈ తెలిసిపోవడంలో హాయి మాత్రమే ఉందనుకోవద్దు. టైపు క్లాసు నుంచి అరగంట ఆలస్యంగా వచ్చిన ఆడపిల్ల విషయంలో పేట కళ్లు చాలా కఠినం. మా చెల్లెలు ఈనాటికీ ఆ వీధి పేరెత్తితే ముఖం ముడుచుకుంటుంది. దాని కోపం న్యాయమే.

1969లో తెలంగాణ ఉద్యమం, 1972–73లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాయి. పక్క పోర్షనులో వరంగల్ నుంచి వచ్చిన గుమాస్తాగారు ఉండేవారు. సీనియారిటీ, ముల్కీ నిబంధనల మాట వచ్చేసరికి ఆయనా నాన్నగారూ నెలల తరబడి మాట్లాడుకోలేదు. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో మాత్రం గోడ మీదుగా పాలగిన్నె అటూ ఇటూ నడుస్తూనే ఉంది. గిన్నెతోపాటు కబురూ నడిచింది. ఆ పని మా అమ్మా, వాళ్లావిడా చూసుకున్నారు.

రేడియో సంగతి మన వయసువారికి చెప్పనక్కరలేదు. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి ఉంచుకోవలసిన వస్తువు. ఉదయం ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల్లో పన్యాల రంగనాథరావుగారి గొంతు విని గడియారాలు సరిచేసుకున్న ఇళ్లు మా వీధిలో ఉన్నాయి. 1975 డిసెంబరులో ‘ఈనాడు’ హైదరాబాదులో మొదలయ్యాక తెల్లవారకముందే గుమ్మంలో పేపరు పడటం అలవాటైంది. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్‌గారు తెరమీద మొదటిసారి తెలుగు వార్తలు చదివారు. టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే కాబట్టి ఆ ఇంటి హాలే కొన్నాళ్లు మా పేటకు సభాభవనం.

అయితే ఆ ఏడాది మా వీధిని కుదిపిన వార్త టీవీలో రాలేదు. అంతకు ముందే, ఫిబ్రవరిలో వచ్చింది. జనవరిలో అధికారానికి వచ్చిన కొత్త ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఉత్తర్వు ఫిబ్రవరి 8న. 55 దాటినవారంతా ఆ నెల 28న దిగిపోవాలి. వ్యవధి ఇరవై రోజులు! యువకులకు ఉద్యోగాలు రావాలన్న వాదన అటువైపు బలంగానే ఉంది. కాని వీధిలో వాదన నడవదు, మనుషులు నడుస్తారు. మా వీధిలో 55 దాటినవారు ముగ్గురు. ఎవరికీ జాబితా అక్కరలేదు, అందరికీ తెలుసు.

వారిలో ఒక సూపరింటెండెంటుగారు. వయసు 56. పెద్దమ్మాయి పెళ్లి మే నెలకు నిశ్చయమై ఉంది. మర్నాడు ఉదయం కిరాణా కొట్టు యజమాని తానే ఆయన ఇంటికి వచ్చి, ఖాతా ఎప్పటిలాగే నడుస్తుందని చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. సాయంత్రాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఎకౌంట్సులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు పెన్సిలు పట్టుకుని కూర్చునేవారు. ఎవరి సర్వీసు ఎంత, గ్రాట్యుటీ ఎంత వస్తుంది, కమ్యూటేషను తీసుకుంటే నెలకు చేతికెంత మిగులుతుంది అని కాగితం వెనక లెక్క వేసి ఇచ్చేవారు. పేట పొడుగునా ఉన్న యాభై అయిదేళ్లవాళ్లు ఆ బల్ల దగ్గరికి వచ్చారు. పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. బ్యాండు మేళం మానుకున్నారు, వంట సాయానికి వీధి ఆడవాళ్లే దిగారు.

ఆ ఖాళీల మూలంగానే జూన్‌లో నాకు ప్రమోషను వచ్చింది. మా ఆవిడ కిలో మిఠాయి తెప్పించి, వీధిలో పంచడానికి మనసొప్పక, వెంకటేశ్వరస్వామి గుడిలో ఇచ్చి వచ్చింది. కబురు ఆగుతుందా? మూడో రోజున సూపరింటెండెంటుగారు గుమ్మంలో నిలబడి, “ఏమయ్యా, మిఠాయి స్వామివారికేనా, మాకు లేదా?” అన్నారు. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. మా ఆవిడే లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. 1984 ఆగస్టులో వయసు మళ్లీ 58 చేశారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తగ్గింపు చెల్లుతుందని తేల్చింది. ఆ తీర్పు వార్త కూడా మేము ఆ లైబ్రరీ బల్ల దగ్గరే చదివాం.

ఆ తరువాతి మార్పులు అందరికీ తెలిసినవే. పెంకుటిళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. మా పాత అరుగు ఉన్నచోట ఐదంతస్తులు. ఓడియన్ థియేటరు పడగొట్టారు. ముషీరాబాదు జైలు పోయి 2003లో అక్కడికి గాంధీ ఆసుపత్రి వచ్చింది. 2020 ఫిబ్రవరి 7న మెట్రో రైలు మా నెత్తిమీదుగా నడిచింది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా ఉక్కు వంతెన తెరిచారు. సౌకర్యమే, కాదనను. మోకాళ్ల నొప్పులవాడిని, మెట్రో లిఫ్టుకు దండం పెడతాను. లైబ్రరీ నిలిచింది. ఇప్పుడు అక్కడ కూర్చునేది గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు. మనం చేసి వదిలిన కుర్చీల కోసం ఎండలో చెట్ల కింద కూడా చదువుతున్నారు. వాళ్లను చూస్తే ముచ్చటా వేస్తుంది, జాలీ వేస్తుంది.

లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఏటా పింఛను కార్యాలయంలో నిలబడే వరుస కూడా మనకొక వార్తాపత్రికే. నిరుడు ముందు నిలబడ్డాయన ఈ ఏడు కనబడకపోతే అడిగేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో సెల్‌ఫోను ముందు ముఖం పెడితే సరిపోతుంది. కాళ్లకు సుఖం. కనబడనివారి సంగతి మాత్రం ఎవరూ అడగరు.

నిరుడు మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులోని రిటైర్డు ఉపాధ్యాయుడు కాలం చేశారు. ఆ కబురు వాట్సాప్‌లో నీళ్ల ట్యాంకరు సమాచారానికీ, ఎవరో పెట్టిన శుభోదయం పువ్వులకూ మధ్య వచ్చింది. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కిందికి దిగినవాళ్లం నలుగురం. పిల్లలు దేశంలో లేరు. కర్మకాండ అయ్యాక వాళ్లు వచ్చిన దారినే వెళ్లారు. రెండు నెలల తరువాత వాచ్‌మన్ చెబితే తెలిసింది, పిన్నిగారు కిరాణా తగ్గించేశారని. వెళ్లి అడిగితే పి.పి.ఓ. పుస్తకం ఎక్కడుందో ఆమెకు తెలియదు. మరణం సంగతి పింఛను కార్యాలయానికి ఎవరూ తెలపలేదు. ఆయన పేర రెండు నెలలు జమ అయిన పింఛను తిరిగి కట్టవలసి వచ్చింది. కుటుంబ పింఛను దరఖాస్తు అప్పుడు మొదలుపెట్టాం. మన సంఘం కార్యకర్తలిద్దరు తోడు వచ్చారు. మంజూరు కావడానికి మరో నాలుగు నెలలు. ఈ ఆరు నెలలూ ఆమె ఎలా గడిపారో ఆమె చెప్పలేదు, మేమూ గుచ్చి అడగలేదు.

మా అపార్ట్‌మెంటులో ఇప్పుడు ఏడుగురు పింఛనుదారులం. ఆదివారం ఉదయం కింద, పార్కింగు స్థలంలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చెక్క బెంచీ వేసుకుని కూర్చుంటున్నాం. పేపరు షీట్లు విడదీసి పంచుకుంటాం. పి.పి.ఓ. ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు చెప్పారా అని ఒకరినొకరు అడుగుతాం. ఐదుగురు చెప్పామన్నారు, ఆరో ఆయన వెతుకుతున్నానన్నారు. పోయిన ఆదివారం ఏడో ఆయన రాలేదు. పేపరు మడిచి పైకి వెళ్లి తలుపు తట్టాం. పలకలేదు. కూతురింటికి నేరేడ్‌మెట్ వెళ్లారని, బుధవారం వస్తారని, మెట్లు కడుగుతున్న అమ్మాయి చెప్పింది.