డేరాలో నేర్చిన అక్షరాలు

తెలుగు టాకీ పుట్టింది తెలుగునాట కాదు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 'భక్తప్రహ్లాద' బొంబాయిలో తయారైంది. మొదట ప్రేక్షకుల ముందుకు వచ్చిందీ బొంబాయిలోనే. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం అందరం రాసుకుంటూ వచ్చాం. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత ఆధారాలు వెదికి, 1932 ఫిబ్రవరి 6న ఆ నగరంలోని కృష్ణా సినిమాలో అది తొలిసారి ఆడిందని తేల్చారు. తెలుగులో మాట్లాడే బొమ్మను మొట్టమొదట చూసే భాగ్యం, బెజవాడ కంటే రాజమండ్రి కంటే ముందు, రాష్ట్రేతర తెలుగువారికి దక్కిందన్నమాట. తరాలుగా అక్కడ స్థిరపడిన కామాటీలు, మిల్లు పనివారు ఆనాటికే బొంబాయిలో ఉన్నారు. సినిమా చరిత్ర రాసేవారు ఈ సంగతిని ఒక వాక్యంలో చెప్పి దాటిపోతారు. మనకు మాత్రం ఇది దాటిపోదగిన వాక్యం కాదు.

దీనికి మూడు నెలల ముందటి సంగతి ఇంకా విచిత్రం. 1931 అక్టోబరు 31న మద్రాసులో కినిమా సెంట్రల్‌లో విడుదలైన 'కాళిదాస్'ను తొలి తమిళ టాకీ అంటారు. దాని దర్శకుడూ హెచ్.ఎం.రెడ్డే. నాయిక టి.పి.రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో బదులు చెప్పాడు. త్యాగరాజ కీర్తనలూ ఉన్నాయి. ఇప్పటి విమర్శకులు దీన్ని ఆ కాలపు గందరగోళం కింద జమకడతారు. మా ఇళ్ళు చూసినవారికి ఇందులో గందరగోళమేమీ కనిపించదు. మా అవ్వ తెలుగులో అడిగితే అంగడివాడు తమిళంలో చెప్పేవాడు, చిల్లర లెక్క కన్నడంలో తేలేది. అందరికీ అన్నీ అర్థమయ్యేవి.

మద్రాసులో సినిమా చూపించడమనే వృత్తికి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసింది మచిలీపట్నం నుంచి వచ్చి అక్కడ ఫోటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య. ఆయన 1914లో గెయిటీ థియేటరు కట్టించారు. బళ్ళారి సంగతి వేరు. ఆ ఊరికి సినిమా కంటే ముందు నాటకం ఉంది. ధర్మవరం కృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ అక్కడివే. ఆ నీడలో ఎదిగిన బళ్ళారి రాఘవ తెలుగు, కన్నడ, ఇంగ్లీషు రంగస్థలాలను ఏలి, 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) చిత్రాల్లో నటించారు. 1946లో కన్నుమూశారు. ఏడేళ్ళకు, 1953 అక్టోబరు 1న, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ తర్వాత పుట్టిన బళ్ళారి పిల్లలకు రాఘవ ఏ రాష్ట్రపు నటుడో చెప్పడం పెద్దలకు కష్టమైపోయి ఉంటుంది. చెప్పకపోయినా నష్టం లేదు.

ఇక మేము స్వయంగా చూసిన కాలానికి వస్తాం. మేము హోసూరు ప్రాంతం వాళ్ళం. జిల్లా పేరు మా కళ్ళముందే సేలం, ధర్మపురి, కృష్ణగిరి అని రెండుసార్లు మారింది గాని ఇంట్లో మాట మారలేదు. 1970ల మొదట్లో మా పల్లెకు రెండు మైళ్ళ దూరాన ఒక డేరా ఉండేది. టూరింగ్ టాకీస్ అని బోర్డు మీద రాసి ఉన్నా, పెద్దవాళ్ళు దాన్ని కొట్టాయి అనేవారు. పావలా ఇస్తే నేల. నేల అంటే ఇసుక. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ముందు వరసలో కూర్చునే మేము ఇసుకను కుప్పపోసి దాని మీద కూర్చుని, వెనకవాళ్ళ తిట్లు తినేవాళ్ళం. ప్రొజెక్టరు ఒక్కటే, రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, మురుకులవాడు వచ్చేవాడు.

సాయంత్రం డేరా నెత్తిన కట్టిన స్పీకరులో సీర్కాళి గోవిందరాజన్ గొంతున వినాయకుడి పాట వినబడిందంటే ఆట మొదలుకాబోతోందని గుర్తు. "బిన్నా రాండి, పాట వేసేసినారు" అంటూ మా అవ్వ కొంగు నడుముకు చుట్టి ముందు నడిచేది. మొదట తమిళంలో వినాయక ప్రార్థన, తర్వాత తమిళ వ్యాఖ్యానంతో ప్రభుత్వ వార్తాచిత్రం, ఆపైన తెలుగు 'పాతాళభైరవి'. మాకు ఇది వింతగా తోచలేదు. సినిమా అంటే ఇలాగే ఉంటుందనుకున్నాం.

ఆ డేరాలో మేము చదువుకున్నాం. ఈ మాట అలంకారం కోసం అనడం లేదు. మా బడిలో తెలుగు లేదు. తెలుగు బడి ఉన్న ఊరికి రోజూ నడిచే వయసూ మాకు లేదు. పేర్లు తెర మీద పడుతున్నప్పుడు మా నాయన వాటిని గట్టిగా చదివేవాడు. మాటలు, పాటలు, కళ, కూర్పు, ఛాయాగ్రహణం, నేపథ్యగానం అని వరసగా వచ్చేవి. కూర్పు అంటే ఏమిటని అడిగితే ఆయనకూ తెలియదు. "బొమ్మలు కూర్చేవాడులే" అని చెప్పాడు, అది సరైన జవాబేనని చాలా ఏళ్ళకు తెలిసింది. ప్రతి సినిమాకూ ఈ మాటలు అదే వరసలో రావడం వల్ల అక్షరం ఆకారమూ శబ్దమూ జతపడిపోయాయి. 'ఛ'కు ఒత్తు ఎక్కడ ఉంటుందో మేము ఏ పలక మీదా దిద్దలేదు. పగలు గోడల మీద అంటించిన పోస్టర్లు మాకు ఇంటిపని. అసలు పోస్టరు తెలుగులో ఉంటుంది. దాని మీద డేరా పేరూ ఆటల వేళలూ అచ్చువేసిన తమిళ చీటీ అంటిస్తారు. ఆ చీటీ ఒక్కోసారి సరిగ్గా పేరు మీదే పడేది. మిగిలిన సగం అక్షరాలతో పేరు ఊహించడం మా ఆట.

పాటల పుస్తకాల కథ మరొకటి. కథాసంగ్రహాన్ని సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆపి, మిగతాది వెండితెరపై చూడమని రాసే ఆ పలుచని పుస్తకాలు డేరా గుమ్మం దగ్గర అమ్మేవారు. కొనలేనివాళ్ళు, కొన్నా చదవలేనివాళ్ళు పాటలను తమిళ లిపిలో నోటుపుస్తకాలకు ఎక్కించుకునేవారు. తమిళ లిపిలో క, గలకు ఒకటే గుర్తు. త, దలకూ అంతే. పాడేటప్పుడు మాత్రం ఎవరూ తప్పు పాడేవారు కారు, ఎందుకంటే భాష చెవిలో ఉంది. లిపి కేవలం గుర్తుచేసే తాడు.

ఆనాటి చిత్రాలు చాలావరకు మద్రాసు స్టూడియోల్లో తయారయ్యేవి గనుక, ఒకే సంస్థ ఒకే సెట్టులో తెలుగు, తమిళం రెండూ తీసేది. 'మిస్సమ్మ' 1955లో రెండు భాషల్లోనూ వచ్చింది; సావిత్రి రెండింటిలోనూ ఉంది, రామారావు స్థానంలో తమిళంలో జెమినీ గణేశన్. 1957 నాటి 'మాయాబజార్' కూడా అంతే. ఘటోత్కచుడు రంగారావే, అభిమన్యుడు మాత్రం తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ. మా ఊళ్ళో రెండూ ఆడేవి. ఏది బాగుందన్న తగవు అరుగుల మీద ఎన్నేళ్ళు సాగిందో! తెలుగు ఇళ్ళలో తమిళ అభిమన్యుడికి ఓటు వేసినవాళ్ళు ఉండేవారు, తమిళ ఇళ్ళలో తెలుగు 'మాయాబజార్'ను మళ్ళీ మళ్ళీ చూసినవాళ్ళూ ఉండేవారు. మా అంచనాలో తెలుగుదే పైచేయి. పింగళి నాగేంద్రరావు మాటలు ఇంకో భాషలోకి పోవు.

ఈ రెండు భాషల ఇరుగుపొరుగుతనం మీదనే ఒక సినిమా వచ్చింది. 1978లో కె.బాలచందర్ తీసిన 'మరోచరిత్ర'. విశాఖతీరాన పక్కపక్క ఇళ్ళలో ఒక తమిళ కుర్రవాడు, ఒక తెలుగు పిల్ల. మధ్యలో ఒప్పుకోని పెద్దలు. రంగులు కూడా లేని ఆ చిత్రాన్ని తమిళంలోకి మార్చకుండానే మద్రాసు మౌంట్ రోడ్డులోని సఫైర్ థియేటరులో 500 రోజులకు పైగా ఆడించారు. బెంగళూరులోనూ అది ఏడాది దాటింది. చూసినవారిలో తెలుగు రాని విద్యార్థులే ఎక్కువని అప్పుడు మద్రాసులో చదువుకుంటున్న మాకు కళ్ళారా తెలుసు. మా గదిలోని తమిళ స్నేహితులు డైలాగుల అర్థం మమ్మల్ని అడిగేవారు. అంతవరకు హాస్టల్లో తెలుగు మాట్లాడేందుకు గొంతు తగ్గించుకునే మేము, ఆ కొన్ని నెలలు పెద్దమనుషులమై తిరిగాం. వెంటనే 1980లో 'శంకరాభరణం' వచ్చింది. దాన్నీ తమిళ ప్రేక్షకులు తెలుగులోనే విన్నారు.

అయితే ఆ తెర మాకు ఇచ్చింది గౌరవం ఒక్కటే కాదు. పై చదువుకు తెలుగునాడు వెళ్ళినప్పుడు మొదటివారమే ఒక సహాధ్యాయి "మీరు తమిళులా?" అని అడిగాడు. కాదన్నాం. "మరి ఆ మాట తీరేమిటి?" అన్నాడు. "యాడికి పోతా ఉండారు" అన్నందుకు వసారా అంతా నవ్వింది. ఆ నవ్వును మేము అంతకుముందే విన్నాం, డేరాలోనే. సినిమాలో నాయకుడు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి భాష మాట్లాడతాడు. మా అవ్వ మాట్లాడినట్టు మాట్లాడేవాడు తెర మీదికి వచ్చాడంటే వాడు బంట్రోతో, మోసగాడో, నవ్వించడానికి వచ్చినవాడో అయి ఉంటాడు. డేరాలో మా ఊరివాళ్ళం కూడా వాడిని చూసి పడీపడీ నవ్వేవాళ్ళం. అందరికంటే ఎక్కువ మా అవ్వే నవ్వేది. మాకు అక్షరాలు నేర్పిన తెరే మా మాట తెలుగు కాదేమోనన్న అనుమానాన్నీ నేర్పింది. ఆ ఏడాది మేము 'ఉండాది' మానేసి 'ఉంది' అనడం అలవాటు చేసుకున్నాం. సెలవులకు ఇంటికి వస్తే మా అవ్వ, "ఏమిరా, సినిమావాని మాదిరి మాట్లాడతా ఉండావే" అంది.

తర్వాతి కథ వేగంగా చెప్పవచ్చు. 1980ల్లో దూరదర్శన్ జాతీయ ప్రసారంలో ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ చిత్రాలు వచ్చేవి. తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళకు అద్దె వీడియోలు వచ్చాయి. 1995లో జెమిని, ఈటీవీ మొదలై, మన ఇళ్ళలో మొదటిసారి రోజంతా తెలుగు వినబడింది. డేరాలు ఒక్కొక్కటే లేచిపోయాయి. ఈలోగా తెలుగు పరిశ్రమ కూడా మద్రాసు వదిలి హైదరాబాదు చేరుకుంది. 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియో ఆ తరలింపులో ఒక మైలురాయి. వడపళనిలో ఒకప్పుడు విజయా-వాహినీ సెట్లు నిలిచిన నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, అంగళ్ళ సముదాయం ఉన్నాయి.

సరిహద్దులు మాత్రం సినిమా హాళ్ళలో మరింత స్పష్టంగా కనిపించసాగాయి. 2004లో కన్నడ చిత్రపరిశ్రమ పరభాషా చిత్రాలు కొన్ని వారాలు ఆగి విడుదల కావాలని పట్టుబట్టినప్పుడు, కొత్త సినిమా కోసం బెంగళూరు తెలుగువారు బస్సెక్కి హోసూరు వచ్చేవారు. మా ఊరి హాళ్ళకు అది మంచి కాలం. వాళ్ళ సొంత చిత్రాలను కాపాడుకోవాలన్న వాదనలో న్యాయం లేదని మేము అనం; కానీ బెంగళూరులో తరతరాలుగా ఉన్నవారి తెలుగు అక్కడ పరభాష ఎలా అయిందన్న ప్రశ్న మిగిలే ఉంది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ పేర్లున్న తమిళ చిత్రాలకు వినోదపు పన్ను తీసివేసింది. అదే ఏడాది ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఈ రెండిట్లో సినిమా పన్ను గురించి మా వాళ్ళు ఎక్కువ మాట్లాడుకున్నారు, బడి గురించి తక్కువ. మా దృష్టిలో అది పొరపాటు.

2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. సినిమాగా దాని మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోము. నాయకుడు మొదటినుంచి చివరిదాకా చిత్తూరు యాసలో మాట్లాడాడు. చిత్తూరు యాస మా యాసకు పక్కిల్లు. హోసూరు హాల్లో ఎవరూ ఆ మాటకు నవ్వలేదు, ఈలలు వేశారు. పక్క కుర్చీలోని కుర్రవాడు, "మా ఇంట్లో మాట్లాడేది ఇదే కదా సార్" అన్నాడు. ఆ కుర్రవాడు తెలుగు చదవలేడు. అతడు చూసే చిత్రాల పేర్లు చాలావరకు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే పడతాయి. ఫోనులో చూస్తే పేర్ల భాగాన్ని దాటేసే మీట ఒకటి ఉంటుంది. మేము అక్షరాలు నేర్చుకున్నది ఆ భాగంలోనే.

బరంపురం, సోలాపూరు, యానాం జ్ఞాపకాలు ఆయా ఊళ్ళ విద్యార్థులు రాయవలసినవి. మీ ఊళ్ళో తెలుగు బొమ్మ ఏ హాల్లో ఆడేది, ఏ ఆట, పోస్టరు ఏ లిపిలో ఉండేది, ఇంట్లో పెద్దలను అడిగి రాసిపెట్టండి. అడగవలసినవారు ఇంకా కొందరు ఉన్నారు.

మా అక్క పాటల నోటుపుస్తకం ఇప్పటికీ ఆమె పెట్టెలో ఉంది. మొత్తం తమిళ లిపి. ఆమె మనవరాలు బెంగళూరులో కన్నడం, ఇంగ్లీషు చదువుతోంది. ఆ పుస్తకం ఆమెకు ఒక్క ముక్కా అందదు. పోయిన సంక్రాంతికి మా అక్క ఒక్కొక్క పాటా చూసి పాడింది, ఆ పిల్ల కన్నడ లిపిలో రాసుకుంది, మేము పక్కన కూర్చుని తెలుగులో రాశాం. పదకొండు పాటలయ్యాయి. పుస్తకంలో ఇంకా నలభై దాకా ఉన్నాయి.