పందుంపుల్ల: ఒక ఉదయ విధి చరిత్ర

తెలుగునాట గత శతాబ్దపు మధ్యకాలం వరకు పల్లెల్లో ఎక్కువమందికి పళ్లు తోముకోవడమంటే వేప, గానుగ, తుమ్మ వంటి చెట్ల నుంచి లేత పుల్ల విరిచి, కొసను నమిలి పీచుగా చేసుకొని, తోముకోవడం ముగిశాక దాన్నే నిలువునా చీల్చి ఆ బద్దతో నాలుక గీసుకోవడమే. పందుంపుల్ల అని పిలిచే ఈ సాధనాన్ని పేదరికపు గుర్తుగా చూడటం ఇటీవల వచ్చిన అలవాటు. పాత వైద్యగ్రంథాలు, భిక్షుసంఘ నియమాలు దీనికిచ్చిన స్థానాన్ని పరిశీలిస్తే, శరీరశుద్ధిని, పక్కవారి పట్ల మర్యాదను, వాడిన వస్తువును పారవేసే బాధ్యతను ఒకే విధిలో కూర్చిన క్రమశిక్షణ కనిపిస్తుంది.

ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలో, చికిత్సా స్థానమనే భాగంలో దంతధావనం, అంటే పళ్లను శుభ్రపరచుకోవడం, దినచర్యలో మొదటి పనులలో ఒకటి. పుల్ల పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలి లావు ఉండాలని ఆ గ్రంథం చెబుతుంది. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పే గాని నేటి కొలబద్ద మీది అంగుళం కాదు. చేదు రుచిగల వాటిలో వేప, వగరువాటిలో చండ్ర, తీపివాటిలో ఇప్ప, కారపువాటిలో గానుగ శ్రేష్ఠమని విభజించి, మనిషి శరీరతత్వాన్నీ ఋతువునూ బట్టి పుల్లను ఎంచుకోవాలంటుంది. ఒక్కొక్క పంటినీ మెత్తని కొసతో, చిగుళ్లకు బాధ కలగకుండా రుద్దాలన్న సూచన, నోటిపూత, దగ్గు, వెక్కిళ్లు, వాంతులు, అజీర్ణం ఉన్నవారు పుల్ల వాడరాదన్న నిషేధం ఈ ప్రకరణంలో అన్నిటికన్నా విలువైనవి. తాను సూచించిన సాధనం ఎవరికి, ఎప్పుడు సరిపడదో కూడా చెప్పగలిగిన వైద్యం అది.

బౌద్ధ వినయ పిటకం, అంటే భిక్షువుల ప్రవర్తనా నియమావళి, పుల్ల నమలకపోతే కలిగే అయిదు నష్టాలను చెబుతుంది. నోటి దుర్వాసన, రుచి మందగించడం వాటిలో ఉన్నాయి. కొందరు భిక్షువులు పొడవాటి పుల్లలతో శ్రామణేరులను, అంటే శిక్షణలో ఉన్న చిన్నవారిని, కొట్టినందున పుల్ల పొడవు ఎనిమిది వేళ్ల వెడల్పుకు మించరాదని, పొట్టి పుల్ల ఒకరి గొంతులో ఇరుక్కున్నందున నాలుగు వేళ్లకు తగ్గరాదని నియమం ఏర్పడినట్లు అదే గ్రంథం వివరిస్తుంది. ఏడవ శతాబ్దంలో నలందలో సుమారు పదేళ్లు చదువుకున్న చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఈ ఆచారానికి తన గ్రంథంలో ఒక ప్రకరణాన్నే కేటాయించాడు. పుల్ల నమిలేటప్పుడు పెద్దల ఎదుట ఎడమచేత్తో నోరు మూసుకోవాలని, వాడిన పుల్లను కడిగి చాటున పారవేయాలని, పారవేసే ముందు దగ్గో చిటిక వేసో చుట్టుపక్కలవారిని హెచ్చరించాలని అతడు నమోదు చేశాడు. ఉమ్మిన నీటికీ ఇదే నియమం వర్తించేది. పదమూడు వందల ఏళ్ల నాటి ఈ జాగ్రత్త ముందు నేటి బహిరంగ స్థలాల తీరు సిగ్గుపడవలసిందే.

ధర్మశాస్త్ర గ్రంథాలు అమావాస్య వంటి కొన్ని తిథులలో పుల్ల విరవడాన్ని నిషేధించి, ఆ రోజుల్లో పన్నెండు పుక్కిళ్ల నీటితో నోరు కడుక్కోమన్నాయి. చెట్టును కాపాడటమే దీని ఉద్దేశమని చెప్పడం సాహసమే గాని, ఊరంతటికీ అందుబాటులో ఉన్న కొన్ని చెట్లకు ఆ రోజుల్లో విరామం దొరికేదన్న మాట మాత్రం నిజం.

పుల్లతోపాటు ఉప్పు, బొగ్గు, కాల్చిన పిడకల పొడి అయిన కచ్చిక కూడా వాడుకలో ఉండేవి. గరుకు పొడులు పంటిపై పింగాణీ పొరను అరగదీస్తాయి కనుక, పాతదంతా మేలైనదన్న వాదన ఇక్కడ నిలవదు. మైసూరు ప్రాంతంలోని నంజనగూడులో 1913లో ఆరంభమైన సద్వైద్యశాల పళ్లపొడి, 1916లో స్థాపితమైన కలకత్తా కెమికల్ కంపెనీ వారి వేప పేస్టు పాత ద్రవ్యాలను డబ్బాల్లోకి, గొట్టాల్లోకి మార్చాయి. 1937లో కోల్గేట్ భారతదేశంలో కంపెనీగా నమోదైంది. మరుసటి ఏడాది అమెరికాలో పంది వెంట్రుకలకు బదులు నైలాన్ పోగులు అమర్చిన బ్రష్షు అమ్మకానికి వచ్చింది. ఫ్లోరైడ్ చేరిన పేస్టు పుచ్చును నివారించడంలో సాధించిన మేలు పుల్ల ఇవ్వలేనిది. దీన్ని ఒప్పుకోనిదే చరిత్ర న్యాయంగా ఉండదు. అయితే పుల్ల కొద్ది రోజుల్లో మట్టిలో కలిసేది, ప్లాస్టిక్ పిడిలో నైలాన్ పోగులు బిగించిన బ్రష్షు మాత్రం రెండు పదార్థాలను విడదీయడం కష్టమైనందున చెత్తగానే మిగులుతుంది. కడిగి, చాటున, హెచ్చరించి పారవేయాలన్న పాత నియమంలోని శ్రద్ధ కొత్త సాధనంతోపాటు రాలేదు.

ఆచారం పూర్తిగా అంతరించలేదు. హైదరాబాదులో మసీదుల దగ్గర, ముఖ్యంగా రంజాన్ మాసంలో, పీలు చెట్టు నుంచి తీసిన మిస్వాక్ పుల్లలు నేటికీ అమ్ముడవుతాయి. వేపకే ఇటీవల కష్టకాలం వచ్చింది: 2021 ప్రాంతంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో వేపచెట్లు కొసల నుంచి ఎండిపోతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, రసం పీల్చే టీ దోమ పురుగు దీనికి కారణాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ తెగులు మొదట పట్టింది పందుంపుల్లకు పనికివచ్చే లేత రెమ్మలనే. అయినా చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగిర్చాయి.